నాలుగో నంబరు బల్ల

ఆగస్టు 6

చిట్టెలుకకు,

నీ ఉత్తరం చేరింది. దాన్ని ఉత్తరం అనడానికి కొంచెం దయ కావాలి. "చేరాను. రూము బాగుంది. భోజనం బాగుంది. అందరూ మంచివాళ్లు." నాలుగు ముక్కలు. ముప్పై రెండేళ్లు కోర్టులో స్టెనోగ్రాఫరుగా కూర్చుని సాక్షులు చెప్పింది చెప్పినట్టు రాసుకున్నదాన్ని. అన్నీ బాగున్నాయనే సాక్షిని ఏ వకీలూ నమ్మడు. నేనూ నమ్మను.

మీ అమ్మ నీతో ఫోన్లో పది నిమిషాలు మాట్లాడుతుంది. పక్కన కూర్చుని నేను దాని మొహం చూస్తూంటాను. ఫోను పెట్టేశాక "ఏమంటోంది?" అంటే, నా చెవి దగ్గరికొచ్చి "బాగానే ఉందిటమ్మా!" అని అరుస్తుంది. పది నిమిషాల విచారణకి ఒక్క ముక్క తీర్పు. అందుకే నాకు కాగితం మీద కావాలి. చెవులు రిటైరయ్యాయి గానీ కళ్లు ఇంకా డ్యూటీలోనే ఉన్నాయి.

కిటికీలోంచి ఏం కనిపిస్తుంది? నీ రూమ్మేటు గురక పెడుతుందా? పెన్సిళ్ల కొసలు కొరకడం మానేశావా, లేక డాక్టరయ్యేవాళ్లకి ఆ హక్కు ఉంటుందా? రాయి.

ఇక్కడి సంగతి. మన బిల్డింగు లిఫ్టు ఆగిపోయింది. నలభై ఏళ్లు లిఫ్టులు బాగుచేసిన మనిషి పోయి మూడు నెలలు కాలేదు, అది అప్పుడే మొండికేసింది. కొత్త మెకానిక్కు వచ్చాడు. గంటసేపు ఫోన్లో మాట్లాడి వెళ్లిపోయాడు. మీ తాతయ్య అయితే లిఫ్టుతో మాట్లాడేవారు. నేను ఐదంతస్తులు దిగడం ఎక్కడం మానేసి, బాల్కనీలోంచి ప్రపంచాన్ని పర్యవేక్షిస్తున్నాను. ప్రపంచం పెద్ద మెరుగ్గా ఏం లేదు.

పెద్ద ఉత్తరం రాయి. కాగితం మిగిల్చి నాకు పంపే పొదుపు వద్దు.

అమ్మమ్మ

ఆగస్టు 14

అమ్మమ్మకు,

కిటికీలోంచి నీళ్ల ట్యాంకు, దాని వెనక సైకిళ్ల షెడ్డు కనిపిస్తాయి. రూమ్మేటు గురక పెట్టదు, నిద్రలో ఎముకల పేర్లు అప్పజెబుతుంది. నేను ఇంకా పెన్సిళ్లు కొరుకుతున్నాను. చాలా?

మొదటిరోజు మమ్మల్ని శరీరాలుండే హాల్లోకి తీసుకెళ్లారు. పొడుగాటి హాలు, పన్నెండు రేకు బల్లలు. వాసన గురించి అందరూ ముందే చెప్తారు గానీ, అది జుట్టులో ఉండిపోతుందని ఎవరూ చెప్పరు. ప్రొఫెసరు గారు ఒక నిమిషం మౌనంగా నిలబెట్టి, "వీళ్ల పేర్లు మీకు చెప్పం. అలాగని పేర్లు లేనివాళ్లు అనుకోకండి" అన్నారు. నాది నాలుగో నంబరు బల్ల. ముఖానికీ చేతులకీ తడిగుడ్డలు చుట్టి ఉంటాయి, ఎండిపోకుండా. ఆ గుడ్డలు తడిపే ఆయన ఒకాయన ఉన్నాడు. నడుముకి ఇంత తాళాల గుత్తి. అందరూ తాళాలాయన అంటారు. పొద్దున్నే వచ్చి, మొక్కలకి నీళ్లు పోసినట్టు, ఒక్కొక్కరినీ తడుపుకుంటూ వెళ్తాడు. ఎవరితోనూ మాట్లాడడు.

మా తాతయ్య కూడా తన శరీరాన్ని ఈ కాలేజీకే ఇచ్చారని రూమ్మేటుకి చెప్పాను. ఆ అమ్మాయి నా వంక చాలా గౌరవంగా చూసింది. రెండేళ్ల కిందట సెలవుల్లో ఆ ఫారం నింపింది నేనే కదా. "అసిస్టెంటూ, నీ అక్షరాలు గుండ్రంగా ఉంటాయి, నువ్వే రాయి" అన్నారు. కాలేజీ ఫోను నంబరు బీరువా తలుపుకి లోపలివైపు అంటించి, "ముందు ఫోను చెయ్యండి, తరవాత ఏడవండి" అని నీకు చెప్పారు, గుర్తుందా? మే నెలలో అమ్మా నేనూ పరీక్ష నుంచి వచ్చేసరికే వాళ్లు తీసుకెళ్లిపోయారు. ఆఖరిసారి చూడలేకపోయాను. అయినా ఆయన అనుకున్నది అనుకున్నట్టు జరిగింది. అది తలచుకునే ఇక్కడ సీటు రాగానే చేరాను.

అమ్మమ్మా, తాతయ్య ఎత్తు ఎంత? ఊరికే అడుగుతున్నాను.

నీ చిట్టెలుక

ఆగస్టు 21

చిట్టెలుకకు,

ఇదీ ఉత్తరమంటే. రెండుసార్లు చదివాను.

మీ తాతయ్య ఎత్తు ఆయన లెక్కలో ఐదున్నర అడుగులు. టైలరు లెక్కలో ఐదడుగుల నాలుగంగుళాలు. తేడా బూట్లది. పెళ్లిచూపులకి మడమలెత్తు బూట్లు వేసుకొచ్చి, పెళ్లయ్యాక విప్పిన మనిషి. ఇద్దరం పక్కపక్కన నిలబడి ఒకే అద్దంలో చూసుకున్నప్పుడు గానీ నాకు మోసం తెలియలేదు. అప్పటికి అప్పీలు గడువు దాటిపోయింది.

ఎత్తు అడిగావంటే ఆయన గుర్తొస్తున్నారన్నమాట. అడగడానికి మొహమాటమెందుకు? ఫొటో పంపుతున్నాను. లిఫ్టు మీద చేయి వేసి, దాన్ని తనే కన్నట్టు నిలబడ్డది. ఎడమచేతి చిటికెనవేలు సగం లేకపోవడం అందులో బాగా కనిపిస్తుంది. ఆ సగం వేలు ఏదో ఆఫీసు బిల్డింగు మూడో అంతస్తులో పోయిందని ఆయన గర్వంగా చెప్పేవారు, పతకం వచ్చినట్టు.

వాసన సంగతి. రుమాలు మీద నీలగిరి తైలం రెండు చుక్కలు వేసుకో. నేను ఉద్యోగంలో చేరిన మొదటి నెల హత్య కేసులో నెత్తుటి చొక్కా బల్ల మీద పెట్టారు. షార్ట్‌హ్యాండు పుస్తకం మీదే పడిపోయాను. జడ్జి గారు "ఈ భాగం రికార్డులో వద్దు" అన్నారట. రెండో నెల నుంచి అదే చొక్కా పక్కన కూర్చుని టీ తాగాను. నీకూ అంతే. మొదటి నెల పడిపో, రెండో నెల టీ తాగు.

అమ్మమ్మ

సెప్టెంబరు 2

అమ్మమ్మకు,

ఫొటో అందింది. పుస్తకంలో పెట్టాను, బోర్లా.

ఒకటే అడుగుతాను. కథ చెప్పకుండా జవాబు రాయి. తాతయ్యకి పొట్ట మీద ఆపరేషను మచ్చ ఉండేదా? ఏ పక్క?

ఒంట్లో అంత బాగా లేదు. ఎక్కువ రాయలేను.

చిట్టెలుక

సెప్టెంబరు 9

చిట్టెలుకకు,

కథ చెప్పకుండా రాయమని నన్ను ఆజ్ఞాపించే వయసు నీకు ఇంకా రాలేదు. అయినా ముందు జవాబు రాస్తాను, తరవాత కథ. ఉండేది. కుడి పక్క, కింద. ఏటవాలుగా, బెత్తెడు పొడుగు. రాసుకో.

అపెండిక్సు ఆపరేషను. మీ అమ్మకి అప్పుడు ఆరేళ్లు. ఆస్పత్రిలో స్ట్రెచరు మీద పడుకోబెట్టి లిఫ్టులోకి తోశారు. నొప్పితో మెలికలు తిరుగుతున్న మనిషి ఉన్నట్టుండి చెయ్యెత్తి, "ఆగండాగండి, బేరింగు అరుస్తోంది, ఇది రెండో అంతస్తు దాటదు" అన్నారు. దాటలేదు. నలభై నిమిషాలు అందరం లోపలే. ఆయన పడుకునే పైనున్నవాళ్లకి ఏ తీగ లాగాలో చెప్పారు. బయటికొచ్చాక డాక్టరు ముందు లిఫ్టు గురించి అడిగాడు, తరవాత కడుపు గురించి.

ఇక అసలు సంగతికి వద్దాం. ఒంట్లో బాగా లేదంటావు, వెంటనే కుడి పక్క మచ్చ అంటావు. నేను చెవిటిదాన్ని, తెలివితక్కువదాన్ని కాదు. నీకు కడుపులో కుడి పక్క నొప్పి వస్తోంది. అవునా? ఇది మన వంశంలో ఉంది. దాచిపెట్టి పరీక్షలకి చదవాలనుకుంటే కుదరదు. మీ అమ్మకి చెప్పాను. రోజూ ఫోను చేస్తుంది. కుడి పక్క వేళ్లతో నొక్కి, వదిలినప్పుడు నొప్పి పెడితే వెంటనే ఆస్పత్రికి వెళ్లు. నువ్వుండేదే ఆస్పత్రి పక్కన, ఇంకేం కావాలి?

అమ్మమ్మ

సెప్టెంబరు 27

అమ్మమ్మకు,

నాకు కడుపునొప్పి లేదు. రోజూ ఫోను చేసి నొక్కి చూసుకోమనొద్దని అమ్మకి చెప్పు. నిన్న క్యాంటీనులో అందరి ముందూ పొట్ట నొక్కుకున్నాను, అటు నుంచి అమ్మ ఏడుస్తుంటే.

నేను హాల్లోకి వెళ్లి పదహారు రోజులైంది. పొద్దున్న తెల్లకోటు వేసుకుని అందరితో కలిసి బయల్దేరతాను. వరండా మలుపులో చెప్పు సరిచేసుకున్నట్టు వంగి వెనకబడిపోతాను. అక్కణ్ణుంచి సైకిళ్ల షెడ్డుకి వెళ్లి కూర్చుంటాను. హాజరు తగ్గిందని నోటీసు ఇచ్చారు. ఇంకా తగ్గితే డిసెంబరు పరీక్షకి కూర్చోనివ్వరు.

నాలుగో బల్ల మీద ఉన్నది తాతయ్యేమో, అమ్మమ్మా.

ఐదడుగుల నాలుగంగుళాలే ఉంటుంది. నేను టేపు పెట్టి కొలిచాను, ఇంకేదో కొలుస్తున్నట్టు నటించి. మచ్చ నువ్వు రాసినట్టే ఉంది. కుడి పక్క, ఏటవాలుగా, బెత్తెడు. నీ ఉత్తరం చదివిన రోజు నుంచి నేను లోపలికి వెళ్లలేదు. ఎడమచేతికి గుడ్డ చుట్టి ఉంది. ఒక్కసారి విప్పి చూపించమని తాళాలాయన్ని అడిగాను. "చేతులు ఆఖర్న. వరస తప్పకూడదు" అన్నాడు.

ఫారంలో ఒక గడి ఉండేది. ఏ భాగాన్నైనా చదువు కోసం వాడుకోవచ్చు అని. అందులో టిక్కు పెట్టింది నేనే. తాతయ్య చూపించారు, నేను పెట్టాను. అప్పుడు నాకు పదహారేళ్లు. ఆ టిక్కు అంటే ఏమిటో నాకిప్పుడు తెలుసు. మా బల్ల దగ్గర అబ్బాయిలు పాట పాడుకుంటూ పని చేస్తారు. చెడ్డవాళ్లు కాదు. అలవాటైపోయింది, అంతే.

వదిలేసి ఇంటికి వచ్చేస్తాను. నువ్వు తిట్టినా సరే.

చిట్టెలుక

అక్టోబరు 2

చిరంజీవి మనవరాలికి,

నీ ఉత్తరం చదివాను. ఆయన అక్కడ లేరు. మనసులోంచి ఆ భయం తీసేయి. మీ కాలేజీలో చోటు లేదని మే నెలలోనే ఆయన్ని వేరే కాలేజీకి పంపించారట. మీ మామయ్యకి చెప్పారు. ఆ సంగతి నీకు చెప్పాలని మాకు తట్టలేదు.

కాబట్టి నువ్వు నిశ్చింతగా హాల్లోకి వెళ్లవచ్చు. చదువు వదలడం లాంటి మాటలు మాట్లాడకు.

చేతివేళ్లు నొప్పిగా ఉన్నాయి. ఇంతే.

అమ్మమ్మ

అక్టోబరు 20

అమ్మమ్మకు,

నీ చివరి ఉత్తరంలో ఒక్క జోకు కూడా లేదు. నీ వేళ్లు నిజంగానే నొప్పిగా ఉండుంటాయి.

ఆ ఉత్తరం చదివి హాల్లోకి వెళ్లాను. మర్నాడూ వెళ్లాను. భయం పోయింది, కానీ ఆయన ఏ కాలేజీలో ఉన్నారో తెలుసుకోవాలనిపించింది. ఆఫీసులో శరీరాలు ఇచ్చినవాళ్ల రిజిస్టరు ఉంది. బతిమాలితే గుమాస్తా తీశాడు. మే నెల చూశాం. లేదు. జూను, ఏప్రిల్ చూశాం. లేదు. వేరే కాలేజీకి పంపినా ముందు ఇక్కడ రాయాల్సిందేనట. "ఈ పేరుతో ఎవరూ రాలేదమ్మా" అన్నాడు. రెండేళ్ల కిందట నేను నింపిన ఫారం మాత్రం ఫైల్లో ఉంది. నా గుండ్రటి అక్షరాలు. మనిషి లేడు.

ఒళ్లు మండిపోయింది, అమ్మమ్మా. తిన్నగా హాల్లోకి వెళ్లాను. నలభైమంది ఉన్నారు. తాళాలాయన ఏడో బల్ల దగ్గర గుడ్డ పిండుతున్నాడు. "మా తాతయ్యని ఏం చేశావు? ఎవరికి అమ్మేశావు?" అని అడిగాను. అరిచాను. ఆయన చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది, నీళ్లు కారుతూ. ఒక్క మాట మాట్లాడలేదు. తప్పు చేసినవాడు కాకపోతే మాట్లాడడా?

ప్రిన్సిపాలు దాకా వెళ్లింది. తాళాలాయన్ని సంజాయిషీ అడిగారు. తాళాలు తీసేసుకుని హాల్లోకి రావద్దన్నారు. ముప్పయ్యో తేదీన విచారణ. నన్నూ పిలిచారు. ఇలాంటివి ఇంతకుముందు కూడా జరిగుంటాయని సీనియర్లు అంటున్నారు. నా పక్కన నిలబడ్డారు.

ఆ మే నెలలో వాళ్లు మామయ్యకి ఇచ్చిన రసీదు ఇంట్లో ఉంటుంది. నువ్వు కాగితాలు పారేయవు కదా. వెంటనే పంపు. అదొక్కటీ ఉంటే చాలు.

నేనింత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు. నువ్వు చూసుంటే మెచ్చుకునేదానివి.

నీ మనవరాలు

అక్టోబరు 23

చిట్టెలుకా,

రసీదు లేదు. ఆ మనిషి ఎవరినీ అమ్మలేదు. మీ తాతయ్య ఏ కాలేజీకీ వెళ్లలేదు.

కూర్చుని చదువు.

నీ పరీక్ష మొదటిరోజు, మీరిద్దరూ ఊళ్లో లేనప్పుడు, పొద్దున్న ఏడింటికి ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటున్నారు. మూడో గుండీ దగ్గర మంచం మీద కూర్చున్నారు. నేను టీ పట్టుకొచ్చేసరికి అయిపోయింది. మీ మామయ్య పరుగెత్తుకొచ్చాడు. బీరువా తలుపు తీసి, నంబరు చూసి, ఫోను చేతిలోకి తీసుకున్నాడు. నేను ఆపాను. "పిల్ల పరీక్ష రేపు సాయంత్రానికి అయిపోతుంది. అది వచ్చి చూసుకోనీ. అప్పుడు చేద్దాం" అన్నాను. ఆరు గంటల్లోపు కబురు చేయాలని ఫారంలో ఉందని వాడికి తెలుసు. నాకూ తెలుసు. వాడు చెప్పాడు. నేను వినపడనట్టు కూర్చున్నాను. చెవుడు వల్ల ఉన్న లాభం అదొక్కటే.

ఆ రోజంతా ఆయన పక్కనే ఉన్నాను. ఐసు తెప్పించాం. మర్నాడు మధ్యాహ్నం మీ మామయ్య నన్ను అడక్కుండానే ఫోను చేశాడు. మూడు గంటల్లో మీ కాలేజీ బండి వచ్చింది. లోపలికొచ్చిన డాక్టరు చిన్నవాడు. సర్టిఫికెట్టు మీద టైము చూసి, దుప్పటి తీసి చూసి, మళ్లీ కప్పాడు. చాలా మర్యాదగా తల అడ్డంగా ఊపాడు. నిన్ననే పిలిచుంటే బాగుండేది అన్నాడట. ఖాళీ బండి వెళ్లిపోవడం బాల్కనీలోంచి చూశాను.

మే ఎండకి ఐసు నిలవలేదు, మీరొచ్చేదాకా కూడా ఇంట్లో ఉంచడానికి లేదు. అదే సాయంత్రం ఎలక్ట్రిక్ దహనవాటికకి తీసుకెళ్లాం. ట్రాలీ లోపలికి వెళ్తుంటే నాకు చప్పుడు వినపడలేదు గానీ, నేను పట్టుకున్న కమ్మీ వణికింది. మోటారుకి గ్రీజు లేదు. ఆయన ఉంటే చెప్పుండేవారు.

దీపాలు పెట్టేవేళకి మీరొచ్చారు. విషయం గుమ్మంలోనే తెలిసింది. నువ్వు చెప్పులు కూడా విప్పకుండా అడిగింది ఒకటే: "వాళ్లొచ్చారా? తీసుకెళ్లారా?" ఏడుస్తూనే ఉన్నావు, అయినా నీ మొహంలో ఒక వెలుగు. మీ మామయ్య నా వైపు చూశాడు. నేను "తీసుకెళ్లారు" అన్నాను. ఒక్క మాట. ముప్పై రెండేళ్లలో ఒక్క అబద్ధం రాయని చెయ్యి నాది. నోరు ఆ నియమం పెట్టుకోలేదు. ఈ నెల రెండో తేదీన చెయ్యి కూడా దిగజారింది.

నువ్వు ఎత్తు అడిగినప్పుడు, మచ్చ అడిగినప్పుడు నాకెందుకు తట్టలేదని నిన్నటి నుంచి నన్ను నేను అడుగుతున్నాను. ఆయన అక్కడ లేరని నాకు తెలుసు. కాబట్టి ఉన్నారని నువ్వు భయపడతావన్న ఊహే నాకు రాలేదు. నీ బల్ల మీద మచ్చ కొలతలు నేనే పంపాను, తమాషా కథతో సహా.

ఇంకొక్కటి. ఇది మీ మామయ్యకి కూడా తెలియదు. నీ పరీక్ష వల్ల ఇలా జరిగిందని నువ్వు అనుకుంటావు. అనుకోకు. నీ పరీక్ష నాకు దొరికిన సాకు. నీ పరీక్ష లేకపోయినా ఇంకేదో వెతికేదాన్ని. ఫోను చేస్తే బండి వస్తుంది, బండి వస్తే ఆయన వెళ్లిపోతారు. నలభై తొమ్మిదేళ్లలో ఆయన నన్ను అడిగింది రెండో మూడో. ఆఖరిది ఇది. ఒక్క ఫోను. అది నేను చేయనివ్వలేదు.

ఇదంతా వేరే కాగితం మీద ప్రిన్సిపాలు గారికి రాసి సంతకం చేశాను. ఇందులోనే ఉంది. ముప్పయ్యో తేదీ దాకా దాచుకోకు. అందిన గంటలో ఇచ్చెయ్యి. మీ అమ్మకి పొద్దున్న చెప్పాను. అప్పట్నుంచి అది నాతో మాట్లాడటం లేదు. మాట్లాడినా నాకు వినపడదు గనక పెద్ద తేడా లేదు, కానీ మొహం కూడా చూపించడం లేదు. ఈ కవరు దానికివ్వను. నేనే కిందికి దిగి డబ్బాలో వేస్తాను.

ఆ తాళాలాయనకి నువ్వేం చెప్పుకోవాలో నేను చెప్పను. నలభైమంది ముందు అరిచావు. అంతమందీ మళ్లీ అక్కడ ఉండేలా చూసుకో.

శరీరం ఇచ్చే ఫారం ఖాళీది ఒకటి పంపు. నా కోసం. ఆయన మాట నిలబెట్టలేదు. నా మాటైనా ఎవరైనా నిలబెడతారేమో.

పైది నేను చెప్పగా నేనే రాసుకున్న వాంగ్మూలం. చదివి చూసుకున్నాను. సరిగ్గానే ఉంది.

అమ్మమ్మ

నవంబరు 27

అమ్మమ్మకు,

నెల రోజులు రాయలేదు. రాస్తే ఏం వస్తుందోనని.

నీ కాగితం అందిన గంటలోనే ఇచ్చాను. విచారణ ఐదు నిమిషాల్లో అయిపోయింది. సీనియర్లు ఇప్పుడు నా పక్కన నిలబడటం లేదు. మర్నాడు తొమ్మిదింటికి, నలభైమందీ ఉన్నప్పుడు, తాళాలాయన తాళాలతో లోపలికొచ్చాడు. నేను వెళ్లి ఎదురుగా నిలబడి, "నేను చెప్పింది అబద్ధం. మీ తప్పేం లేదు. నన్ను క్షమించండి" అన్నాను. ఏం వినపడలేదని వెనకనుంచి ఎవరో అన్నారు. మళ్లీ చెప్పాను.

ఆయన పరవాలేదమ్మా అనలేదు. నన్ను చూడలేదు కూడా. బల్లలన్నీ తిరిగాడు. నాలుగో బల్ల దగ్గర పాదానికున్న గుడ్డ పట్టుకుని, "పది రోజులు ఎవడూ తడపలేదు" అన్నాడు. ఎడమ పాదం వేళ్లు ఎండిపోయి నల్లబడ్డాయి. ఇక అవి చదువుకి పనికిరావు. ఆ పాదం నా వల్ల అలా అయింది, అమ్మమ్మా. ఎవరో తెలియని మనిషి, తెలిసే ఇచ్చిన పాదం.

ఇప్పుడు నేను గంట ముందే వెళ్తున్నాను. ఒకటి నుంచి ఆరు బల్లలు నేను తడుపుతాను, ఏడు నుంచి పన్నెండు ఆయన. మొదటిరోజు నా చేతిలో బకెట్టు లాక్కుంటాడనుకున్నాను. లాక్కోలేదు. ఇప్పటికీ మాట్లాడడు.

పోయిన వారం చేతుల వరస వచ్చింది. ఎడమచేతి గుడ్డ నేనే విప్పాను. ఐదు వేళ్లూ నిండుగా ఉన్నాయి. చూపుడువేలి కొస గరుకుగా, సన్నసన్నటి గుంటలతో ఉంది. బట్టలు కుట్టేవాడేమో అనుకున్నాను. ఆ చేతిని చాలాసేపు పట్టుకున్నాను. ఇంకో సంగతి. అపెండిక్సు అందరికీ కుడి పక్కే ఉంటుంది. ఏటవాలు కోత కూడా మామూలేనట. పుస్తకంలో నలభయ్యో పేజీలో ఉంది. ఆగస్టులో చదవాల్సిన పేజీ.

డిసెంబరు పరీక్షకి నన్ను కూర్చోనివ్వడం లేదు. హాజరు చాలలేదు. వచ్చే ఆగస్టులో మళ్లీ ఈ సబ్జెక్టంతా మొదటి నుంచి, కింది బ్యాచితో. వదిలేయడం లేదు. సెలవులకి ఇంటికి రావడం లేదు. నిన్ను చూస్తే ఏమంటానో నాకే తెలియదు. సాకు గురించి నువ్వు రాసింది చాలాసార్లు చదివాను. నీ మీద కోపం ఇంకా ఉంది. పరీక్ష హాల్లో నేను జవాబులు రాస్తున్నప్పుడు ఆయన ఐసు మీద ఉన్నారన్నదే కళ్ల ముందు ఉంటోంది.

ఫారం పంపుతున్నాను. పేరు, వయసు, చిరునామా నేనే నింపాను. ఆరు గంటలు అన్న మాట కింద ఎర్రగీత గీశాను. గడిలో టిక్కు మాత్రం పెట్టలేదు. ఈసారి ఎవరిది వాళ్లే పెట్టుకోవాలి.

ఒక షరతు. నేను ఈ హాలు దాటి పై తరగతికి వెళ్లేదాకా నువ్వు ఇక్కడికి రాకూడదు. అంటే ఏడాది. ఇది బతిమాలడం కాదు.

మనవరాలు

డిసెంబరు 3

చిట్టెలుకకు,

టిక్కు పెట్టాను. ముందు పెన్సిలుతో పెట్టి, ఒకరోజు చూసుకుని, తరవాత పెన్నుతో దిద్దాను. సాక్షి సంతకం మీ అమ్మ చేసింది. చేసేటప్పుడు నా మొహం చూసింది. నెలన్నర తరవాత.

నంబరు బీరువా తలుపు మీద అలాగే ఉంది. ఆయన అంటించిందే. మీ మామయ్యని కూర్చోబెట్టి, ముందు ఫోను, తరవాత ఏడుపు అని రాయించి సంతకం తీసుకున్నాను. నేను ఏం చెప్పినా వినొద్దన్నాను. అప్పటికి చెప్పే స్థితిలో ఉండననుకో.

నీ షరతు ఒప్పుకున్నాను. ఏడాది. డెబ్బై నాలుగేళ్ల దాని చేత ఇలాంటి హామీ రాయించుకునే కోర్టు ఎక్కడా లేదు, అయినా రాసిస్తున్నాను. పోయినసారి ఎవరూ ఆగమనకుండానే ఆగాను. ఈసారి నువ్వు ఆగమన్నావు.

కోపం ఉందన్నావు. ఉండనీ. తొందరపడి తీసేసుకోకు. సంతకం చోట చిట్టెలుక అని రాయలేదు. చూశాను. అడగను.

ఆ పాదాన్ని తడుపుతూనే ఉండు. పనికిరాకపోయినా.

లిఫ్టు ఇంకా బాగవలేదు. ఉత్తరాలు నేనే డబ్బాలో వేస్తున్నాను. దిగడం పరవాలేదు. ఎక్కేటప్పుడు మూడో అంతస్తులో మెట్టు మీద కూర్చుంటాను. పక్కనే లిఫ్టు తలుపు, మూసి ఉంటుంది. దాని మీద చెయ్యి ఆనించి చూస్తాను, ఏమైనా కదులుతోందేమోనని. కదలదు. ఐదు నిమిషాలు కూర్చుని లేస్తాను. ఇంకో రెండంతస్తులు ఉంటాయి.

అమ్మమ్మ